తీసేసిన వరుస

మద్దిలేటికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఐదింటికి అతని పద్ధతి అమల్లోకి రావాలి. ఖైరున్ మేడం ఇంకా సరే అనలేదు.

కర్నూలులో ఆసుపత్రులకు మందులు పంపే కంపెనీ అది. కొనుగోలు, గోడౌను, బిల్లింగు అన్నీ ఒకే పెద్ద సాఫ్ట్‌వేరులో నడుస్తాయి. అందులో ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో వరుసగా ఉన్న సరుకు వివరాలు తోడి, ఆసుపత్రులవాళ్ళు చూసి ఆర్డరిచ్చే జాబితాలో పెట్టడం మద్దిలేటి పని. ఆ పనిలో అతనికి ఓనమాలు దిద్దించింది ఖైరున్ మేడమే.

ఇన్నాళ్ళూ రోజూ మొత్తం డేటా కాపీ చేసేవాళ్ళు. అది నడిచినంతసేపూ బిల్లింగు కౌంటర్లో కంప్యూటర్లు మొరాయించేవి. అక్కడివాళ్ళు వీళ్ళ ఏడు తరాల్నీ తిట్టిపోసేవాళ్ళు. మద్దిలేటి వేరే దారి పట్టాడు. నిన్నటి నుంచి కొత్తగా చేరిన వరుసలు, మారిన వరుసలు, అవి మాత్రమే తెచ్చి పాత కాపీలో కలిపేస్తాడు. టీ చల్లారేలోపు పని అయిపోతుంది.

మూడో దారి కూడా ఉంది. సాఫ్ట్‌వేరు తనలో జరిగే ప్రతి కదలికనూ వరసగా రాసిపెట్టుకుంటుంది. అది చదవాలంటే దాన్ని చూసుకునే విభాగం పెద్ద, సుంకన్న, అనుమతివ్వాలి. అడగడమంటే మద్దిలేటికి ప్రాణం మీదికి వస్తుంది. తెలివి ముదిరినవాళ్ళకి నోరు పెగలని చోటు అదొక్కటే.

"మేడం, టైమవుతోంది. చూశారా లేదా?"

"చూసినాలేప్పా."

"ఎట్లుంది?"

"ఉరుకుడు బాగుంది. సుంకన్న కాడికి పోయినావా?"

"ఆయన ముందర చేతులు కట్టుకుని నిలబడే ఖర్మ నాకేంది మేడం? ఇయ్యాల కాదు రేపు రా అంటాడు. రేపు పోతే ఎల్లుండి అంటాడు. నా పద్ధతికి ఎవరి దయా అక్కర్లేదు."

"ఏదీ తప్పిపోదా?"

"కొత్తది ఏదొచ్చినా, ఉన్నది ఏది మారినా పట్టేస్తా. ఈగ కూడా తప్పించుకోదు."

"అట్లనా! లేయ్ అయితే. ఆ కిటికీ దిక్కు తిరిగి నిలబడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

గొణుక్కుంటూ లేచి నిలబడ్డాడు. కిటికీలోంచి ఏమీ చూడలేదు, చేతి గడియారమే చూసుకున్నాడు.

"ఇంక ఇటు తిరుగు. చెప్పు, గదిలోకి కొత్తగా ఏమొచ్చింది?"

మద్దిలేటి ఆమె బల్లంతా గబగబా కళ్ళతో తుడిచేశాడు. "ఏమీ రాలేదు."

"ఉన్నది ఏమన్నా మారిందా?"

"ఏమీ మారలేదు మేడం, ఎందుకిదంతా?"

"సరే, కూచో."

కూర్చున్నాడు. నేల మీద, కాళ్ళు గాల్లోకి లేచేలా. అతని ప్లాస్టిక్ కుర్చీ తలుపు అవతల ఉంది.

"ఇదేం పని మేడం!" మద్దిలేటి మొహం కందగడ్డయింది. "నడుము విరిగుంటే?"

"నీదొక్కనిదే కదా విరిగేది."

ఆమె కంప్యూటరు తెరను అతనివైపు తిప్పింది. ఒకపక్క గోడౌనువాళ్ళ మెసేజ్. ఒక బ్యాచ్ సెలైన్‌లో నలుసులు తేలుతున్నాయట. సరుకు పక్కన పెట్టి, పొద్దున్నే ఆ వరుసను సాఫ్ట్‌వేరులోంచి తీసేశారు. ఇంకోపక్క మధ్యాహ్నం మద్దిలేటి పద్ధతితో పరీక్షకని తయారుచేసిన జాబితా. అందులో అదే బ్యాచ్ చెక్కుచెదరకుండా ఉంది. పక్కన పచ్చరంగులో 'అందుబాటులో ఉంది' అన్న మాట. దాని కిందే ఆర్డరు బటను.

మద్దిలేటి మోకాళ్ళ మీద లేచి తెర దగ్గరికి జరిగాడు.

"తీసేసినట్టు నాకు రాలేదే!"

"ఉంటే గదప్పా వచ్చేది."

ఆ పచ్చటి మాటనే చూస్తూ ఉండిపోయాడు. బయట ఎవరో లోడింగు ఆటో వెనక్కి తీయిస్తున్నారు, రానీ రానీ అని అరుస్తూ.

తర్వాత కీబోర్డు లాక్కుని ఐదింటి పనిని ఆపేశాడు. బట్టలు దులుపుకోకుండానే బయల్దేరాడు.

"యాడికి?"

"సుంకన్న దగ్గరికి. తీసేసినవి కూడా ఆ రాతలోనే కదా దొరికేది." గడప దగ్గర ఆగాడు. "ఆయన ఒప్పుకునేదాకా మళ్ళీ మొత్తం కాపీనే తియ్యాల. బిల్లింగోళ్ళు తిడతారు మేడం."

"తిట్టనీ," అంది ఖైరున్ మేడం. "బతికున్నోళ్ళే కదా తిట్టేది."