రెక్క వాల్చిన పుంజు

అనగా అనగా, సముద్రం ఇంకా ఊళ్లకు దూరంగా ఉన్న రోజుల్లో, వెలిపురానికి ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు కత్తి తిప్పితే గాలి కేక పెట్టేది. నడిపివాడు జయకేతు పరుగెడితే గుర్రం వెనకబడేది. చిన్నవాడు వసుకేతుకు కోడిపుంజంటే భయం.

నవ్వకండి. ఐదేళ్ల వయసులో పెరటి పుంజు ఒకటి అతని ముఖం మీదికి ఎగిరింది. ఎడమ కంటి కింద చెంప చీరుకుపోయింది. గాయం మానింది, మచ్చ మిగిలింది. ఆ తరవాత వసుకేతు కోళ్లదొడ్డిలో కాలు పెట్టలేదు. గోడమీద కూర్చుని చూసేవాడు, అంతే. ఎప్పుడు దూకుతుందో తెలుసుకోవాలని కన్నార్పకుండా చూసేవాడు.

గోడ కింద దొడ్డిలో అతని మేనమామ కూతురు మందాకిని ఉండేది. పొద్దున్నే నూకలు చల్లేది. కొత్త పెట్టలొస్తే పాత మందలో కలిపేది. పొగరుబోతు పుంజును చంకలో ఇరికించుకుని దొడ్డంతా తిరిగేది.

"బావా, దిగు. ఇది కోడి, పులి కాదు," అనేది.

"పులైతే ఎదురుగా వస్తుంది. ఇది ఎటో చూస్తూ వస్తుంది," అనేవాడు వసుకేతు.

ఒక మధ్యాహ్నం మందాకిని, ఇద్దరు చెలికత్తెలు నూకలు చల్లుతున్నారు. గోడమీద ఉన్న వసుకేతుకు ఒక పుంజు నీడ కనిపించింది. పుంజు లేదు, నీడే ఉంది. అది నేలమీద పాకుతూ వచ్చి ముగ్గురి పాదాలనూ తాకింది. అంతే, ముగ్గురూ లేరు. నూకల చేట బోర్లా పడి ఉంది. పక్కన మూడు నల్లటి ఈకలు.

ఇది కపిలాక్షుడనే మాంత్రికుడి పని అన్నారు ఆస్థాన జ్యోతిష్కులు. ఏడు సముద్రాల అవతల ఉంటాడన్నారు. రణకేతు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. జయకేతు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక మిగిలింది వసుకేతు. రాజు అతణ్ణి వెళ్లమనలేదు, వద్దనీ అనలేదు. వసుకేతు రాత్రంతా వణికి, తెల్లారాక బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. వసుకేతు ఓపిగ్గా ఒక్కో ముడీ విప్పాడు.

"బతికించావు నాయనా. ఎక్కు, వీపు మీద కూర్చో," అంది తాబేలు. "ఎక్కడికో నేనడగనక్కర్లేదు. మీ అన్నలిద్దరూ ఇటే వెళ్లారు."

ఒక సముద్రం దాటారు. రెండో సముద్రం దాటారు. ఏడో సముద్రంలోకి వచ్చాక తాబేలు అసలు సంగతి చెప్పింది.

"కపిలాక్షుడి ప్రాణం ఒక పుంజులో ఉంది. వాడి తిండి భయం. ఎత్తుకొచ్చిన ఆడపిల్లల్ని పెట్టలుగా మార్చి ఆ పుంజు ముందు పడేస్తాడు. పుంజు తరుముతుంది, పాత పెట్టలు పొడుస్తాయి. కొత్తవి వణికినకొద్దీ వాడికి ఆయుష్షు పెరుగుతుంది."

"పుంజును చంపేస్తే?"

"పెట్టలన్నీ దానితోనే పోతాయి. నీ మరదలు కూడా. ఎప్పుడైనా ఆ పుంజు తనంతట తాను ఒక కొత్త పెట్టకు గింజ వేసి పిలిస్తే వాడు అయిపోయినట్టే. ఇంతవరకూ పిలవలేదు."

"మరి అన్నయ్యలు?"

"పెద్దాయన కొట్టబోయాడు, రాయయ్యాడు. రెండో ఆయన పారిపోబోయాడు, రాయయ్యాడు. రెండూ భయం చేయించే పనులే."

"నాకు ఇప్పుడే భయంగా ఉంది తాతా."

"ఉండనీ. గుండెలో ఉన్నంతసేపూ వాడికి వాసన వస్తుంది గానీ అందదు. కాళ్లలోకో చేతుల్లోకో దిగిందంటే అక్కడి నుంచి రాయవుతావు."

దీవిలో ఒకే ఇల్లు ఉంది. ఇంటిముందు పెద్ద దొడ్డి, చుట్టూ ఎత్తైన రాతిగోడ. దొడ్డినిండా కోళ్లు. అన్ని కోళ్లున్నా చప్పుడు లేదు. సగం పెట్టలకు వీపు మీద ఈకలు లేవు. మధ్యలో రణకేతు కత్తి ఎత్తి రాయై నిలబడి ఉన్నాడు. ఆ చేతిమీద రెండు పెట్టలు వాలి ఉన్నాయి. గోడ దగ్గర జయకేతు, ఒక కాలు గాలిలో ఉండగానే రాయైపోయాడు. ఒక మూల వెదురుతడిక. తడిక వెనక మూడు పడుచు పెట్టలు ఒకదానికొకటి అంటుకుని నిలబడ్డాయి.

గడపలో కపిలాక్షుడు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, తేనెరంగు కళ్లు. మెడ పక్కకు వంచి ఒక్క కంటితోనే చూశాడు.

"ఎవరు నువ్వు?"

"కోళ్లు కాసేవాణ్ణి. పని కావాలి."

మాంత్రికుడు ముక్కు ఎగబీల్చాడు. "నీ ఒంటినిండా భయమే. ఇంత కమ్మటి వాసన తగిలి చాలాకాలమైంది. మూడు పనులు చెబుతాను. మూడూ చేస్తే అడిగింది ఇస్తాను. ఒక్కటి తప్పినా మీ అన్నల పక్కన నిలబడతావు."

వసుకేతు తల ఎత్తాడు. "మా అన్నలని ఎలా తెలుసు?"

"ముగ్గురిదీ ఒకే ముక్కు. ఇదిగో చీపురు. దొడ్డి ఊడువు."

వసుకేతు చీపురు పట్టుకుని దిగాడు. పెట్టలు చీలి దారి ఇచ్చాయి. ఆ దారిలో పుంజు వచ్చింది. నల్లటి ఒళ్లు, నిప్పురంగు మెడ, మోకాలి ఎత్తు. కాళ్ల వెనక ముళ్లు వేలెడంత ఉన్నాయి. అది అతని వైపు చూడనే లేదు. నేలమీద లేని గింజను పొడిచింది. మెడ ఈకలు గొడుగులా లేచాయి. ఒక రెక్క వాల్చింది.

ఇప్పుడు దూకుతుంది, అనుకున్నాడు వసుకేతు. గోడమీద కూర్చుని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

దూకింది. ముల్లు మోకాలి కింద దిగింది. అతని మడమ వెనక్కి జరగబోయింది. జరగబోయిన ఆ మడమే చల్లబడింది. కిందికి చూస్తే చర్మం బూడిదరంగుకు తిరుగుతోంది. పళ్లు బిగించి, పాదాన్ని ఉన్నచోటే నొక్కిపెట్టాడు. కొట్టలేదు, తిరగలేదు. పుంజు మళ్లీ దూకింది, మళ్లీ గుచ్చింది. అతను కదల్లేదు. కొంతసేపటికి పుంజు ఏమీ జరగనట్టు నేల పొడవసాగింది. మడమకు వెచ్చదనం తిరిగొచ్చింది. అప్పుడతను మెల్లిగా ఒక అడుగు ముందుకు వేసి ఊడ్చాడు. పుంజు ఒక అడుగు పక్కకు తప్పుకుంది.

తడిక వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. "బావా, కాలు కడుక్కో. చీము పడుతుంది."

వసుకేతుకు ఏడుపొచ్చింది. "మందా, నువ్వేనా?"

"కాక? ఇంత గోధుమరంగు ఈకలు ఇంకెవరికి నప్పుతాయి? గోడ దిగావన్నమాట."

మర్నాడు మాంత్రికుడు రెండో పని చెప్పాడు. "ఒట్టి చేతులతో పుంజును నా గడపకు తీసుకురా. ఒక్క ఈక రాలకూడదు."

"నేనేం చేసేదాన్నో గుర్తుందా?" అంది మందాకిని తడిక సందులోంచి.

"రెక్కలు రెండూ ఒంటికి నొక్కి పట్టుకోవాలి. చంకలో ఇరికించుకోవాలి. తల ఎత్తినప్పుడల్లా వేలితో మెల్లిగా కిందికి నొక్కాలి."

"అది తల ఎత్తడం మానేదాకా తిప్పు. అప్పుడు పెట్టలన్నీ చూస్తుండగా దించు. విసరకు. ఒకసారి విసిరావంటే అది జన్మలో మరిచిపోదు."

పుంజు రెక్క వాల్చింది, దూకింది. అది నేలకు దిగిన క్షణంలో వసుకేతు వంగి రెండు రెక్కలూ కలిపి పట్టేశాడు. చంకలో పెట్టుకున్నాడు. అది గింజుకుంది, మణికట్టు చీరింది. అతను దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగాడు. తల ఎత్తింది, నొక్కాడు. రెండోసారి తిరిగాడు. తల ఎత్తింది, నొక్కాడు. మూడోసారి తిరుగుతుంటే తల వాల్చేసింది. అప్పుడు తెలిసింది అతనికి, తన పక్కటెముకల మీద పుంజు గుండె కొట్టుకోవడం. తన గుండె కన్నా వేగంగా కొట్టుకుంటోంది.

గడప దగ్గర దాన్ని మెల్లిగా దించాడు. మాంత్రికుడికి దగ్గు తెర వచ్చింది. ఒక్క రోజులోనే చెంపలు లోపలికి పోయాయి.

"మూడో పని," అన్నాడు. "ఈ మూడు పెట్టలనూ మందలో కలుపు. రేపు మిట్టమధ్యాహ్నానికి వీటి ఒంటిమీద నెత్తుటి చుక్క కనిపించిందా, నువ్వు రాయి, ఇవి పులుసు."

మందకు పెద్ద ఒక ఒంటికన్ను పెట్ట. అది తడిక దగ్గరికి వచ్చి నిలబడి లోపలికి చూస్తూ ఉండేది. వెదురు సందులోకి ముక్కు పెట్టి పొడిచేది.

"దానికి మా ముఖాలు బాగానే అలవాటయ్యాయి. అదొక్కటే మనకు మిగిలిన మేలు," అంది మందాకిని. ఆమె తడికకు దగ్గరగా జరిగింది. "బావా, ఇంతకుముందు వచ్చినవాళ్లను మధ్యాహ్నపు ఎండలో, నేరుగా మంద మధ్యలోకి విసిరేవాడట. దెబ్బ తగలకుండా ఒక్కతీ మిగల్లేదట."

"నిన్ను విసరను," అన్నాడు వసుకేతు.

పొద్దు వాలింది. కోళ్లు గూట్లో అడ్డకర్ర ఎక్కి ముడుచుకున్నాయి. వాటి కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడతను ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా తెచ్చి కర్ర చివర, పాత పెట్టల పక్కన కూర్చోబెట్టాడు. ఒంటికన్ను పెట్ట ఒకసారి గుర్రుమని మళ్లీ కునుకు తీసింది. తెల్లవార్లూ ముగ్గురూ ఆ పరాయి ఒళ్ల వెచ్చదనంలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

తెల్లారకముందే వసుకేతు నూకలను ఒకచోట పోయకుండా దొడ్డంతా చిన్న చిన్న కుప్పలుగా పోశాడు. తోటకూర కట్టలు పెట్టలు ఎగిరి అందుకోవలసినంత ఎత్తున వేలాడదీశాడు. రాళ్లయిన అన్నల కాళ్ల దగ్గర గంపలు బోర్లించి, దూరడానికి సందులు వదిలాడు.

తలుపు తీశాడు. మంద బయటికొచ్చి కూర మీద పడింది. కొత్త పెట్టలు చివరి కుప్ప దగ్గర నిలబడ్డాయి. ఒంటికన్ను పెట్ట వాటిని చూసింది. మెడ చాచి ఉరికింది. చెలికత్తెలిద్దరూ రణకేతు కాళ్ల మధ్య దూరారు. మందాకిని జయకేతు గాలిలో ఎత్తిన కాలి కింద నక్కింది. ఒంటికన్ను పెట్ట ముక్కు రాతికి తగిలింది. అది అక్కడే కాపు వేసింది. ఎండ ఎక్కుతోంది. మాంత్రికుడు గడప దిగి వచ్చాడు.

అప్పుడు పుంజు కదిలింది. నేరుగా ఒంటికన్ను పెట్టకూ మందాకినికీ మధ్యకు వచ్చింది. ఒంటికన్ను వెనక్కి తగ్గింది. పుంజు మందాకిని వైపు తిరిగింది. నేల పొడిచింది. మెడ ఈకలు లేచాయి. ఒక రెక్క వాల్చింది.

వసుకేతు చేయి పక్కనున్న కర్ర మీదికి పోయింది. వేళ్ల కొసలు చల్లబడ్డాయి. గోళ్లు రాయయ్యాయి. కణుపుల దాకా రాయి పాకింది. ఆ ముళ్లు తన చెంప చీరినట్టే ఆమెను చీరుతాయి. కర్ర తీస్తే ఆమెకు ఇంకెవరూ ఉండరు.

"బావా," అంది మందాకిని. "చూడు, సరిగ్గా చూడు."

అతను చూశాడు. పుంజు ముక్కున ఒక గింజ ఉంది. నిన్నటిదాకా లేని గింజను పొడిచేది. ఇవాళ నిజమైన గింజ పట్టుకుంది. వసుకేతు రాతివేళ్లను కర్ర మీద నుంచి లాక్కున్నాడు. పుంజు గింజను మందాకిని ముందు జారవిడిచింది. గొంతులో కుక్ కుక్ అని, ఆ దొడ్డిలో ఎవరూ వినని మెత్తటి పిలుపు పిలిచింది.

మందాకిని కాలి కింద నుంచి బయటికొచ్చి ఆ గింజ తింది.

కపిలాక్షుడు అరవడానికి నోరు తెరిచాడు. గొంతులోంచి దుమ్ము వచ్చింది. మనిషంతా దుమ్మై గడప ముందు కుప్పగా రాలాడు. దొడ్డిలో పెట్టలున్న చోటల్లా ఆడపిల్లలు లేచి నిలబడ్డారు. వసుకేతు వేళ్లకు వెచ్చదనం తిరిగొచ్చింది. రణకేతు కత్తి దించాడు. జయకేతు ఎత్తిన కాలు కింద పెట్టి, ఏ దిక్కుకు పరిగెత్తుతున్నాడో గుర్తురాక నిలబడిపోయాడు. ఒంటికన్ను పెట్ట ఉన్నచోట తల నెరిసిన ఒక ముసలమ్మ ఉంది. మాంత్రికుడు మొట్టమొదట ఎత్తుకొచ్చింది ఆమెనే.

ముసలమ్మ మందాకిని ముఖం వైపు చూడలేకపోయింది. "నన్నూ అలాగే పొడిచారు తల్లీ," అంది.

మందాకిని ఆమె చేయి పట్టుకుని, రణకేతు వచ్చిన పడవ తనతో ఎక్కించుకుంది.

వెలిపురంలో వసుకేతుకూ మందాకినికీ పెళ్లయింది. ముసలమ్మ పెళ్లికూతురికి తల దువ్వింది. అన్నలిద్దరూ కూడబలుక్కుని సింహాసనం తమ్ముడికే ఇమ్మన్నారు. వసుకేతూ మందాకినీ చాలాకాలం రాజ్యం ఏలారు, జనం ఆ కాలంలో తలుపులు తెరుచుకునే పడుకున్నారు.

దీవి నుంచి వచ్చిన పుంజు అంతఃపురం పెరట్లోనే ఉండేది. మట్టిలో పొర్లేది, గింజ దొరికితే పెట్టల్ని పిలిచేది. అది కూసినప్పుడల్లా రాజుగారి చేయి చెంపమీది మచ్చ మీదికి పోయేది.

"ఇంకా భయమేనా బావా?" అనేది రాణి.

"భయమే," అనేవాడు రాజు, పుంజును చంకలోంచి మెల్లిగా దించుతూ.