దండోరా తిప్పిన జలచక్రం

నా డప్పు మోగితే సముద్రం అవతల ఏనుగులు ఉలిక్కిపడేవి. ముత్యాలదీవి రాజు తన దేశంలో పెద్ద జలచక్రం కట్టే పని మన రాజ్యానికే ఇచ్చాడు; ఆయన దూతలు వచ్చి మా ఊరి సత్రంలో దిగారు. మంత్రి గజపాలుడు నన్ను పిలిచి, "ఒరే సింగా, మన చక్రాల గొప్ప ఊరంతా చాటరా" అన్నాడు.

మా ఊళ్ళో పిండిమర తిప్పే చక్రం ఆగి మూడేళ్ళయింది; ఎంత మొరపెట్టినా మంత్రి బాగుచేయించలేదు. తిరగళ్ళు తిప్పి ఆడవాళ్ళ చేతులు కాయలు కాచాయి.

నేను చాటాను: "పున్నమినాడు దీవి దూతలకు మంత్రిగారు మన ఊరి పిండిమర చక్రం తిప్పి చూపిస్తారహో!"

మంత్రి మండిపడ్డాడు. "అది తిరగదని తెలీదట్రా? నీ తల తీయిస్తాను."

"చిత్తం దొరా. తిరగదనే మళ్ళీ చాటి వస్తాను. దూతలు సత్రంలోనే ఉన్నారు, వాళ్ళూ వింటారు."

మంత్రి వెంటనే భటులను పరుగెత్తించాడు. ఆ సాయంత్రమే వడ్రంగులు దిగారు. పున్నమికి చక్రం తిరిగింది. ఆ విసురుకు నా తలపాగా మూడూళ్ళ అవతల పడింది. తల మాత్రం ఇక్కడే ఉంది.