ఇసుకకోట అరచేతమ్మ

మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు ధర్మకర్త తువ్వాలుతో కుడి అరచేయి తుడుచుకుని గుడి వాకిట్లోకి వస్తారు. వాకిలి మధ్యలో, పైకప్పు లేని చోట, మోకాలెత్తు నల్లరాయి ఉంది. అదే అమ్మవారు. కళ్లు, ముక్కు, ఆయుధాలు ఏవీ చెక్కలేదు. రాతి నడినెత్తిన అరచేయి పట్టేంత నునుపు మాత్రం ఉంది. ధర్మకర్త అక్కడ చెయ్యి ఆనిస్తారు. అర్చకులు ఇరవై లెక్కపెడతారు. ఇరవై పూర్తికాకముందే చెయ్యి తీస్తే గంట మోగుతుంది. మోగిందంటే మూడున్నర దాకా పట్టణంలో ఎవరూ ఆరుబయట తట్ట ఎత్తకూడదు, పార పట్టకూడదు. ఉగాది నుంచి మృగశిర కార్తె వచ్చే దాకా రోజూ ఇదే క్రమం.

ఇసుకకోట ఎండిన ఏటి ఒడ్డున, ఇసుక దిబ్బల నడుమ ఉంది. ఎండ అందరికీ ఒకటే అనడం ఇక్కడ చెల్లదు. కిందటేడు వైశాఖంలో ఒకే రోజు, ఒకే గంటలో దేవస్థానం వారు ఇళ్లలోని వేడి కొలిపించారు. కోటవీధి రాతి మేడల్లో ముప్పై మూడు డిగ్రీలు, బండలపేట రేకుల ఇళ్లలో నలభై తొమ్మిది. రెండింటికీ మధ్య దూరం మైలు లోపే.

పూర్వం ఇక్కడ కోట కడుతున్న రోజుల్లో భూపతి అనే పెత్తందారు పని చేయించేవాడు. వట్టివేళ్ల తడికలు కట్టిన నేలమాళిగలో ఉండి, మధ్యాహ్నం ఒక్కసారి గొడుగు కింద బయటికి వచ్చేవాడు. కోటవాకిలి ముందున్న నల్లరాతి మీద మనిషి చెయ్యి ఇరవై లెక్క నిలవకపోతే గంట కొట్టి పని ఆపాలన్న నియమం అప్పటికే ఉంది. ఎవరి చెయ్యి అన్నది మాత్రం నియమంలో లేదు. భూపతి రాళ్లు కొట్టే ఉరుకుందప్పను పిలిచేవాడు.

"ఏం ఉరుకుందూ, కాలుతాందా?"

"కాలేదానికి తోలు యాడుంది దొరా? అంతా కాయే గదా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఉరుకుందప్పకూ అది గొప్పగానే ఉండేది. ఆ వేసవిలో గంట ఒక్కసారీ మోగలేదు.

అతని భార్య సుంకమ్మ కోటగోడ మీదికి రాళ్లు మోసేది. రోహిణి కార్తె నాలుగో రోజు పొద్దున్నే ఆమెకు కళ్లు తిరిగాయి. "ఈ పొద్దు చెయ్యి తీసెయ్యి," అంది భర్తతో. "నాకు చెమట గూడ పట్టడంల్యా. గంట మోగితే ఇంత నీడన పడుంటా."

"సరేలే మే, తీస్తాలే," అన్నాడు.

మధ్యాహ్నం ఎనిమిది లెక్క దగ్గర అతని చెయ్యి లేచింది.

"ఏందిరా, పెండ్లాం కండ్లెర్ర జేసిందా?" అన్నాడు భూపతి.

మేస్త్రీలు పకపకా నవ్వారు. ఉరుకుందప్ప చెయ్యి మళ్లీ అదిమిపెట్టాడు. ఇరవై పూర్తయింది. గంట మోగలేదు. జాము తిరక్కుండానే సుంకమ్మ తట్టతో సహా గోడ మీద కూలిపోయింది. ఇంటికి తెచ్చాక పొద్దు గూకే దాకా శవం చల్లబడలేదని చెబుతారు.

మర్నాడు భోజనమయ్యాక భూపతికి మాళిగలో కునుకు పట్టింది. కలలో ఒక స్త్రీ ఖాళీ తట్టతో కనిపించింది. "పని చెప్పే నోరు ఎవరిదో, రాతి మీద చెయ్యి గూడ వానిదే ఉండాల. నేను ఆ రాతిలో ఉంటా. నాకు నీడ కట్టొద్దు," అంది. మెలకువ వచ్చేసరికి అతని కుడి అరచేయి బొబ్బలెక్కి ఉంది. ఆ మరుసటి మధ్యాహ్నం భూపతి గొడుగు లేకుండా వచ్చి, బొబ్బలెక్కిన చేతినే రాతి మీద పెట్టాడు. నాలుగో లెక్కకే తీసేశాడు. గంట కొట్టింది ఉరుకుందప్ప. ఆ తర్వాత అతను ఉలి పట్టలేదు.

అప్పటి నుంచి అమ్మవారు అరచేతమ్మ. భూపతి వంశంలో పెద్దవారే ధర్మకర్త. చెయ్యి పెట్టవలసింది వారే. భక్తులు ఎన్నిసార్లు అడిగినా రాతి మీద పందిరి వేయనివ్వలేదు. నైవేద్యం పల్చటి మజ్జిగ. మొదటి కుండ బండలపేటకు పోతుంది. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు పని మొదలుపెట్టే ముందు వచ్చి తమ చెయ్యి ఆనించి వెళ్తారు. అలా చేసిన వారి పనిలో వడదెబ్బకు మనిషి పోడని నమ్మకం.

కిందటేడు రోహిణి కార్తె ఆరో రోజు రాతి మీద చెయ్యి ఇరవై లెక్కా నిలిచింది. గంట మోగలేదు. బస్టాండు దగ్గర తారురోడ్డు పని సాగింది. మూడు గంటలకు కంకర మోస్తున్న బండలపేట హనుమక్క పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. సాయంత్రం పూజలో ఆమె పేరు చదివారు.

తొమ్మిది రోజుల తర్వాత దేవస్థానం సమావేశంలో విషయం తెలిసింది. ఆ రోజు ధర్మకర్త బంధువుల గృహప్రవేశానికి వెళ్లారు. ఆచారం తప్పకూడదని అర్చకులు వంటశాల నుంచి చెన్నకేశవులును పిలిచి చెయ్యి పెట్టించారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అతను పొయ్యి మీది గుండిగను గుడ్డ లేకుండానే దించుతాడు. రాయి ఎట్లా ఉండిందని అడిగితే, "గోరువెచ్చగా ఉండె సామీ," అన్నాడు.