మిల్లులో మత్తు లేకుండా చేసిన అన్నదమ్ములు

గంగరాజుగారి రంపం మిల్లులో నూకయ్య, పైడయ్య, అప్పలకొండ అని ముగ్గురు అన్నదమ్ములు పనిచేసేవారు. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం, ఊళ్ళో బుర్రలన్నీ కలిపినా మా బుర్రలకి సాటిరావు అని వాళ్ళ గర్వం. ఊరు ఏమనుకునేదో మనకెందుకు!

ఒకరోజు పైడయ్య కల్లు తాగి వచ్చి రంపం దగ్గర నిలబడ్డాడు. చొక్కా చెయ్యి తెగిపోయింది. అసలు చెయ్యి మిగలడం వాళ్ళమ్మ అదృష్టం. గంగరాజుగారికి గుండె జారిపోయింది. ఆ వారమే స్కూలు బల్లలు చేయించే కంట్రాక్టరు కబురు పంపాడు. మిల్లులో మత్తు లేదని పనివాళ్ళే చెబితే పని ఇస్తాడట. ఆ పని రాకపోతే మిల్లు మూతే.

గంగరాజుగారు ముగ్గురినీ పిలిచారు. "ఒరే, ఇది నా రూలు కాదు, మీ రూలు. కళ్ళు మూతలు పడి తల తూగేలా చేసేది ఏదైనా గేటు బయటే ఉండాలి. నన్ను చూసి మొహమాటపడొద్దు. మీకు ఇష్టమేనా?"

"ఇష్టమే బాబూ! పానం పెట్టి సూసుకుంటాం," అన్నాడు నూకయ్య.

అంతే. పైడయ్య తన కల్లు ముంతని తనే గేటు బయట పగలగొట్టాడు. గంగరాజుగారి కళ్ళు చెమర్చాయి. అక్కడితో ఆగితే బాగుండేది.

మధ్యాహ్నం గంగరాజుగారికి ఇంటినుంచి పెరుగన్నం వచ్చింది. నిన్న అది తినే ఆయన కుర్చీలో గురకపెట్టారు. ఇంకేముంది, అన్నదమ్ములు కేరేజీ తీసుకెళ్ళి గేటు బయట కుక్క ముందు పెట్టారు. కుక్క తిని పడుకుంది.

"సూసేవా, ఎంత మత్తో!" అన్నాడు అప్పలకొండ.

తర్వాత ఫ్యాను గాలికి నూకయ్యకి కునుకు పట్టింది. అంతే, ఫ్యాను ఊడబీకి బయట పడేశారు.

ఆకలితో, చెమటతో గంగరాజుగారు ముగ్గురినీ కూర్చోబెట్టి రూలు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఆరోగ్యం, క్రమశిక్షణ, బాధ్యత, మళ్ళీ ఆరోగ్యం. పైడయ్య తల తూగింది. అప్పలకొండ కళ్ళు మూతలు పడ్డాయి. నూకయ్య ఉలిక్కిపడి లేచాడు.

"ఒరే, దొరికింది! అసలు మత్తు బాబేరా!"

"బాబుని బయట పెట్టేత్తామేటి?" అన్నాడు పైడయ్య.

"మొగమాటపడొద్దని బాబే కదరా సెప్పారు!"

ఇంకేముంది, ఒకడు కాళ్ళు, ఒకడు చేతులు, మూడోవాడు కండువా. ఆయన్ని కుక్క పక్కన దింపి, లోపలికెళ్ళి గేటుకి తాళం వేసేశారు.

అప్పుడే కంట్రాక్టరు కారు దిగాడు. "ఏమయ్యా, మిల్లులో మత్తు ఉందా?"

"లేదు బాబూ! ఉన్నదంతా అదిగో," అని నూకయ్య గేటు సందులోంచి గంగరాజుగారిని చూపించాడు.

కంట్రాక్టరు పగలబడి నవ్వాడు. "యజమానినే వదలని పనివాళ్ళు! ఇంకేం కావాలి? పని మీకే. కాకపోతే ఇప్పుడే రంపం తిప్పి చూపించాలి."

గంగరాజుగారు సంతోషం పట్టలేక కుక్కని కావలించుకున్నారు.

అన్నదమ్ములు రంపం దగ్గరికి ఉరికారు. ఫ్యానునీ, గంగరాజుగారినీ మోసిన అలసట కదా, నూకయ్యకి ఆవలింత వచ్చింది. అది పైడయ్యకి అంటుకుంది, అక్కణ్ణించి అప్పలకొండకి. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. రూలు రూలే! అంతే, గోడ దూకి వచ్చి గంగరాజుగారి పక్కన వరసగా కూర్చున్నారు.

"రంపం తిప్పరేంరా?" అని అరిచారాయన.

"మత్తున్నోళ్ళం లోపలుండకూడదు కదా బాబూ!"

"తాళంచెవి ఇటివ్వండి, నేనే తిప్పుకుంటా!"

"మీరిలా అడుగుతారనే," అన్నాడు నూకయ్య గర్వంగా, "దాన్ని లోపలే దాసీసి వచ్చాం బాబూ!"