పాయసంలో ఆవకాయ

చింతలకోట రాజు మల్లభూపతికి ఒకనాడు పొద్దున్నే ఒక బుద్ధి పుట్టింది. కోట గుమ్మం పక్క గోడకు సున్నం కొట్టించి, దాని కింద బొగ్గుల బుట్ట, పసుపు గిన్నె పెట్టించాడు. ఎవరికి తోచింది వాళ్లు రాయొచ్చు. చదివి నచ్చినవాళ్లు పసుపులో బొటనవేలు ముంచి ముద్ర వేయొచ్చు.

అంతే, ఊరు పనులు మానుకుంది. ఎవరింట్లో ఏం కూర, ఎవరి గేదె ఈనింది, అన్నీ గోడ మీదే. చదువు రానివాళ్లకు పక్కవాడు చదివిపెట్టేవాడు, తనవి రెండు మాటలు కలిపి మరీ. ఇప్పుడు మనం అరచేతిలో పెట్టుకు తిరిగే గోడకు అది ముత్తాత అన్నమాట.

గోడ ముందు జనాన్ని చూసి రాణి రత్నమాంబకు వ్యాపారం మీదికి మనసు పోయింది. ‘కోట ఆవకాయ’ అని పేరు పెట్టి, కొట్టు నిండా జాడీలు పట్టించి, గుమ్మం దగ్గరే అంగడి తెరిపించింది. ఒక్కటీ కదల్లేదు. ఎవరింట్లో వాళ్లకు ఆవకాయ ఉండగా కోటది ఎవరు కొంటారు? అమ్ముడుపోనిది రాజుగారి కంచంలోకి వచ్చేది. పొద్దున అట్టులో ఆవకాయ, మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ, రాత్రి మజ్జిగలో ఆవకాయ.

రాజు సభలో నోరు తెరిస్తే పొగ వస్తుందేమోనని ముందు వరుసవాళ్లు వెనక్కి జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు.

“జాతర నాటికి కొట్టు ఖాళీ కావాలి,” అన్నాడు రాజు. ఆస్థాన పండితుడు భూషణాచార్యుల వైపు, తన తమలపాకుల పెట్టె మోసే జోగన్న వైపు చూశాడు. “మీరిద్దరూ గోడ మీద రాయండి. అమ్మించినవాడికి ముత్యాల హారం. ఓడినవాడు మిగిలిందంతా తినాలి.”

జోగన్నకు అక్కడికక్కడే చెమటలు పట్టాయి. ఆవగింజంత కారం తగిలితే చాలు, అతనికి ముక్కూ కళ్లూ పోటీపడి కారేవి. ఇంత పౌరుషం లేని నాలుక ఈ గడ్డ మీద ఎలా పుట్టిందోనని తన మీద తనే నవ్వుకునేవాడు. కొట్టులో జాడీలు తలుచుకుంటే ఈసారి ఆ నవ్వు రాలేదు.

ఆచార్యులు ముందు దిగాడు. గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆవకాయను పొగుడుతూ ఒకే సమాసం రాశాడు. తెల్లారేసరికి దాని కింద లెక్కలేనన్ని పసుపు వేళ్లు.

“చూశారా ఏలినవారూ, జనం ఎలా మెచ్చారో.”

రాజు గోడ దగ్గర ముక్కు ఎగబీల్చాడు.

“పసుపు ఉలవల వాసన వేస్తోందేం ఆచార్యా? మన గుర్రపుశాల వాళ్లకు సమాసాలు ఎప్పుడు వంటబట్టాయి?”

ఆచార్యులు ఉత్తరీయం సర్దుకున్నాడు. జాడీ మాత్రం కదల్లేదు.

ఇక జోగన్న వంతు. కనీసం సరుకేమిటో చూద్దామని వంటశాలకు వెళ్లి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నాలుక అంటుకుంది. చేతికందిన గిన్నె ఎత్తి గటగటా తాగేశాడు. అది పాయసం.

“ఆవకాయ మీద పాయసమా?” అని వంటమనిషి గరిటె జారవిడిచింది. రుబ్బేవాళ్లు రోలు వదిలి, తోమేవాళ్లు అంట్లు వదిలి వచ్చారు. ఏనాడూ అతని మొహం చూడనివాళ్లంతా చుట్టూ చేరి, ఆవకాయ ఎలా తినాలో ఒకరి మీద ఒకరు పడి చెప్పారు.

జోగన్న కళ్లు తుడుచుకుంటూ తిన్నగా గోడ దగ్గరికి పోయి రాశాడు:

“కోట ఆవకాయను ముద్దపప్పులో కలపరాదు. పాయసంలోనే నంజుకోవాలి.”

మధ్యాహ్నానికి జనంలో గోడ కనబడలేదు. వేలిముద్ర వేసినవాడు ఒక్కడూ లేడు గానీ బొగ్గులు బుట్టలకు బుట్టలు అయిపోయాయి. “వీడి నాలుకకు వాత పెట్టండి” అని ఒకరు. “వీడికి పెళ్లయిందా? అయితే ఆ పిల్లను పుట్టింటికి పంపండి” అని ఇంకొకరు. పొరుగూళ్లవాళ్లు కూడా బండ్లు కట్టుకుని వచ్చారు, తిట్టడానికి.

నూనె గానుగ గవరమ్మ అయితే గిన్నెడు ముద్దపప్పు, చెంబుడు నెయ్యితో దిగింది.

“ఇది రాసిన సచ్చినోడు ఎవడు?”

“నేనేనత్తా,” అన్నాడు జోగన్న.

“మీ అమ్మ నీకు ఏనాడూ అన్నం కలిపి పెట్టలేదా నాయనా?”

“మీ ఇంటి ఆవకాయ పప్పులో బాగుంటుందేమోనత్తా. నేను రాసింది కోట ఆవకాయ సంగతి. తినకుండా నువ్వెలా చెబుతావు?”

“ఎందుకు బాగుండదో నేనూ చూస్తా. తే ఒక జాడీ.”

అక్కడే కలిపింది. ముద్దలు చేసి చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో పెట్టింది. “తిని చెప్పండే, అమృతంలా లేదూ? వీడు వట్టి అబద్ధాలకోరు.”

అబద్ధాలకోరేనని అందరూ తేల్చారు. ఇంట్లోవాళ్లకు కూడా రుజువు చేయాలని తలా ఒక జాడీ పట్టుకుపోయారు.

సాయంత్రం రాణి సభలోకి విసురుగా వచ్చింది. “నా ఆవకాయ పరువు తీసింది ఎవరు?”

“ఇతనే మహారాణీ,” అన్నాడు ఆచార్యులు, వేలు ముందుకు చాపి. “ఊరంతా దుమ్మెత్తి పోస్తోంది.”

జోగన్న చేతులు కట్టుకున్నాడు.

“పొగిడితే తలూపి పోతారు తల్లీ. తప్పు దొరికితే బండి కట్టుకుని వస్తారు.”

కొట్టు కాపలాదారు వగరుస్తూ వచ్చి చెప్పాడు: కొట్టు ఖాళీ. అడుగున ఒకే ఒక్క జాడీ మిగిలింది.

రాజు సింహాసనం మీద వెనక్కి వాలి, “ఈ పూట నాకు వట్టి మజ్జిగన్నం,” అన్నాడు.

“అమ్మితే అమ్మావు,” అంది రాణి, ఇంకా చల్లారకుండా. “కోట గోడ మీద అబద్ధం ఉండటమేమిటి?”

“అబద్ధమో నిజమో ఎవరో ఒకరు తిని చెప్పాలి కదమ్మా. ఓడినవారు మిగిలింది తినాలని ఏలినవారి ఆజ్ఞ. జాడీ ఎలాగూ ఉంది. కాస్త పాయసం తెప్పిస్తే...”

సభంతా ఆచార్యుల వైపు తిరిగింది.

ఆచార్యులు కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కను పాయసంలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఒక కన్ను తెరిచాడు. ఇంకో ముక్క ముంచాడు.

“బాగానే ఉందే,” అన్నాడు మెల్లగా.

జోగన్న అతని చేతిలో బొగ్గుముక్క పెట్టాడు.

“ఇదే మాట మీ పేరుతో గోడ మీద రాయండి ఆచార్యా. అమ్మగారు పట్టించే కొత్త జాడీలు కూడా రేపే చెల్లిపోతాయి.”

ముందు రాణి నవ్వింది. తర్వాత సభ నవ్వింది. రాజు ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి జోగన్నకు వేశాడు.

“ఇంకేం కావాలిరా?”

“ఒక గిన్నె పాయసం, ప్రభూ. వట్టిదే.”