దిగులు కావలసిన ఫోటో

గెడ్డవలసలో ఫోటో స్టూడియో నడిపే సింహాద్రికీ, అతని తమ్ముళ్ళు సూరిదేముడికీ పెంటయ్యకీ ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికీ లేదు. ఈ సంగతి ఆ ముగ్గురే చెప్పారు కాబట్టి నమ్మాలి.

సింహాద్రికి ఒక్కటే బాధ. "మా అల్లుడికి పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఏటొచ్చు?" అని మామగారు సన్యాసప్పడు పదిమందిలో అనేశాడు. అందుకని చెరువుగట్టు ఫోటో తీసి, పట్నంలో కాలెండర్లు వేయించే సుగుణమ్మగారికి పంపాడు. తన పేరుతో అది అచ్చయిందంటే మామగారి నోరు మూతపడుతుంది.

ఆవిడ ఫోన్ చేసింది.

"ఫోటో బాగుందండీ. కానీ చూడగానే మనసులో దిగులు కలగాలి. ఆకాశం ఎక్కువైంది, సగం తీసెయ్యండి. ఈతచెట్టు నడిమధ్యనుంది, ఓ పక్కకి జరపండి. ఆ కరెంటు స్తంభం తీసెయ్యండి. పొలంలో పచ్చదనం కనబడకూడదు. అప్పుడు పంపండి."

"ఫోటో అబద్ధం సెప్పదురా. అక్కడ మారిస్తేనే ఇక్కడ మారతాది," అన్నాడు సింహాద్రి. అన్నగారి తెలివికి తమ్ముళ్ళు మురిసిపోయారు.

అంతే, రెండు వెదురుగడలు పాతి, టార్పాలిన్ కట్టి సగం ఆకాశం మూసేశారు. ఈతచెట్టుని పెకలించి, ఈడ్చుకెళ్ళి, ఓ పక్కన పాతారు. మర్నాటికి అది తల వాల్చేసింది. "దిగులు మొదలైందన్నా," అని పెంటయ్య సంబరపడ్డాడు. తర్వాత స్తంభం కోశారు. వాళ్ళ అదృష్టం కొద్దీ అప్పుడు కరెంటు లేదు. ఆ తర్వాత వారం రోజులు ఊళ్ళో ఎవరికీ లేదు. ఇక మిగిలింది పచ్చదనం. ఆ పొలం వీళ్ళదే, వరి పొట్ట మీదుంది. అయినా కళ ముందు అన్నం ఒక లెక్కా? కలుపుమందు తెచ్చి పొలమంతా కొట్టేశారు.

ఇంకేముంది, ఫోటో తీసి పంపారు. దిగులుకేం లోటు లేదు. గట్టు మీద ఊరు ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది.

అది చూసి సుగుణమ్మగారు కారు కట్టించుకుని వచ్చి పడింది. "నాయనా, ఇవన్నీ కంప్యూటర్లో చెయ్యాల్సిన పనులు," అని తల పట్టుకుంది. పాపం జాలిపడి, దిగులు మాట వదిలేసి, అక్కడే లాప్‌టాప్ తెరిచి టార్పాలిన్ కత్తిరించింది, ఏడ్చేవాళ్ళని చెరిపేసింది, కాస్త ఎండ తగిలించి, చచ్చిన పైరుకి బంగారు రంగు పూసింది. చూస్తుండగానే పంట పండింది. ముగ్గురూ చేతులు జోడించారు.

కాలెండరు వచ్చింది. మామగారు గోడకి కొట్టించి, వచ్చినవాళ్ళందరికీ బొమ్మ అడుగున అల్లుడి పేరు వేలుపెట్టి చూపించాడు. సింహాద్రి ఆనందంతో ఏడ్చేశాడు. ఏడుస్తూనే కాలెండర్లోని పంట కేసి చూశాడు. గింజ బాగా ముదిరింది. ఆలస్యం చేస్తే రాలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే మామగారి గుమ్మంలో ఎడ్లబండి ఆగింది. అన్నదమ్ములు ముగ్గురూ, పదిమంది కూలీలూ కొడవళ్ళతో దిగారు.

"మావా, ఆ మంచం ఓపాలి తీయించు. కుప్పెయ్యడానికి సోటు సాలదు," అన్నాడు సింహాద్రి.

మామగారు నోరు తెరిచేలోగా పెంటయ్య మొదటి కోత కోసేశాడు. వరిని మొదలంటా కొయ్యాలి కదా, సరిగ్గా అన్నగారి పేరు ఉన్నచోట కోశాడు.