గవరయ్య చదివిన బోర్డు

దేవుడు తెలివి పంచుకుంటూ వచ్చి, తమ గుమ్మంలోనే బుట్ట బోర్లించి వెళ్ళాడని గవరయ్య గట్టి నమ్మకం. పెళ్ళాం పైడమ్మకీ, తమ్ముడు అప్పలకొండకీ ఆ నమ్మకం ఇంకా గట్టిది. అది ఖాళీ బుట్టని ఊళ్ళోవాళ్ళు అనుకునేవారు.

ఆ ఊరి లైబ్రరీలో పుస్తకాలున్నాయి గానీ చదివేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళ బడిలో చదివేవాళ్ళున్నారు గానీ పుస్తకాల్లేవు. లైబ్రేరియన్ కామేశం, బడి పంతులమ్మ అనసూయ కూడబలుక్కుని రెంటినీ ఒకే కప్పు కిందికి చేర్చారు. ఇంకేముంది, గవరయ్య ఇంటిల్లిపాదీ అందరికంటే ముందు వచ్చి కూర్చున్నారు.

కామేశం గవరయ్యకి ఓ పుస్తకం ఇచ్చి, ఎలా తీసుకెళ్తున్నావో అలాగే తిరిగి తెమ్మన్నాడు. అంతే. తీసుకెళ్ళినప్పుడు మూసి ఉంది కాబట్టి ఇంట్లో ఎవరూ దాన్ని తెరవలేదు. తీసుకెళ్ళినప్పుడు వాన పడుతోంది కాబట్టి మళ్ళీ వాన కోసం కాచుక్కూర్చున్నారు. వాన రాలేదు, గడువు దాటిపోతోంది. చివరికి గవరయ్య పుస్తకం పట్టుకుని ముందు నడిచాడు, అప్పలకొండ వెనకాలే బిందెతో నీళ్ళు పోసుకుంటూ వచ్చాడు.

తడిసి ముద్దయిన పుస్తకం చూసి కామేశం తల పట్టుకున్నాడు. అనసూయ మాత్రం ఓపిగ్గా ఇంకో పుస్తకం ఇచ్చి, ఈసారి తెరిచి, ఇంట్లో తలో పేజీ చదవమంది. ఇంకేముంది, ఇంటికెళ్ళి తలో పేజీ చింపి పంచుకున్నారు. మేక కూడా ఇంట్లోదే కదా అని దానికీ ఒకటి ఇచ్చారు. అందరికంటే ముందు ముగించింది మేకే.

అయినా పంతులమ్మ వదల్లేదు. చెయ్యి పట్టుకుని దిద్దించింది, తిట్టింది, మళ్ళీ దిద్దించింది. ఎండలు ముదిరేసరికి గవరయ్య గడగడా చదివేస్తున్నాడు. ఇంత వయసొచ్చాక గోడలూ, బస్సులూ తనకి అర్థమవుతున్నాయని ఓ రోజు సంతోషం పట్టలేక ఏడ్చాడు కూడా. ఆ లైబ్రరీ గదంటే అతనికి ప్రాణం.

అంతలో పైనుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఒక్కరైనా తన ముందు చదివితే సరే, లేకపోతే బడి మూసేసి పుస్తకాలు వేరే ఊరికి తరలించేస్తారట. అందరి ఆశా గవరయ్య మీదే. కామేశం గది కడిగించి, సున్నం వేయించి, గోడకి కొత్త బోర్డు కూడా తగిలించాడు.

అధికారి వచ్చి, పుస్తకం అందించి చదవమన్నాడు. గవరయ్య లేచాడు. ఎదురుగా గోడ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు. అంతే, పైడమ్మా అప్పలకొండా కూడా మూసుకున్నారు. అధికారి బతిమాలాడు, కసిరాడు, చివరికి ఇక్కడెవరికీ ఒక్క ముక్క రాదని తేల్చేసి వెళ్ళి జీపెక్కాడు.

గుమ్మం దాటగానే గవరయ్య జీపు మీదున్న రాతంతా గడగడా చదివేశాడు. కామేశం నిర్ఘాంతపోయి, ఇంత చదివేవాడివి లోపల ఏ రోగమొచ్చిందని అడిగాడు.

"సదివేను గనకే నోరు మూసేసేను బాబూ. ఇక్కడ మాటాడకూడదని గోడ మీద తమరే రాయించేరు గదా" అన్నాడు గవరయ్య.

అధికారి మంచివాడు. విని, నవ్వాపుకుంటూ జీపు దిగాడు. గవరయ్యని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, పుస్తకం అక్కర్లేదు, ఆ బోర్డు మీదున్నదే చదువు, అది చాలన్నాడు.

గవరయ్య చేతులు కట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాడు. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్క అక్షరం వదలకుండా మనసులో చదువుకున్నాడు. అయిపోయిందన్నట్టు అధికారి వైపు తిరిగి తలూపాడు. మొగుడు అంత బాగా చదవడం తనెప్పుడూ చూడలేదని పైడమ్మ చప్పుడు చెయ్యకుండా కళ్ళు తుడుచుకుంది.